టమాటా టైమర్: మూడేళ్ళ వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫోన్‌లో ఉండే టైమర్ గురించి కాదు. నెల్లూరు చిన్నబజారులో పాత్రల కొట్లో కొన్న వంటింటి టైమర్ గురించి: ఎర్రగా టమాటా ఆకారంలో ఉంటుంది, తిప్పి వదిలితే టిక్కుటిక్కుమంటూ వెనక్కి తిరిగి చివర్లో గంట కొడుతుంది. పొమొడోరో (ఇటాలియన్‌లో టమాటా) పద్ధతి అంటే ఏంటో, 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం లెక్కేంటో ఇప్పటికి అందరూ చెప్పేశారు కాబట్టి అది వదిలేస్తున్నా. 1980ల చివర్లో ఈ పద్ధతి మొదలుపెట్టిన ఫ్రాన్చెస్కో చిరిల్లో అప్పటికి ఇటలీలో చదువుకుంటున్న కుర్రాడు. ఆయనకి అప్పుడు ఇంట్లో చిన్నపిల్లలు లేరనే నా గట్టి అనుమానం.

నేను కావలిలో జువాలజీ చెబుతాను. ఇల్లు నెల్లూరులో. మా ఆయనకి శ్రీసిటీ పారిశ్రామికవాడలో షిఫ్టులు, కాబట్టి చాలా రాత్రులు ఇంట్లో అత్తమ్మ, పాప, నేను. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల పాఠాలు అని ఉంటుంది, కాగితం మీద చూసినవాళ్ళు మీకేమమ్మా హాయి అంటారు. ప్రాక్టికల్ రికార్డులు, కాలేజీలకి గుర్తింపునిచ్చే న్యాక్ కోసం ఫైళ్ళు, అడ్మిషన్ల డ్యూటీ, ఇంటర్నల్ మార్కుల ఎంట్రీ, రెండుపూటలా రైలు, ఇవన్నీ పోను నా రిసెర్చికి మిగిలేది పాప అన్నం తిన్నాక, నిద్రపోయేలోపు ఉండే కాసేపు. ఆ కాసేపటి కోసం కొన్నదే ఇది.

దీంట్లో నాకు నచ్చింది ఒకే ఒక్కటి, కానీ దానికి ఫిదా అయిపోయా. ఎంత టైము మిగిలిందో అంకెలు రాని పిల్లకి కూడా కళ్ళకి కనబడుతుంది.

కొన్నప్పుడు పాప యూకేజీ, గడియారం చూడటం రాదు. "పది నిమిషాలు ఆగమ్మా" అంటే ఆ వయసులో దానికి ఏం అర్థమవుతుంది, పైగా నా పది నిమిషాలు ఎప్పుడూ పదితో ఆగవని మాత్రం బాగా తెలుసు. ఫోన్‌లో టైమర్ పెడితే ఆ ఫోనే కావాలని ఏడుపు. ఈ టమాటాని బల్ల మీద పెట్టి, "ఇది తిరిగి తిరిగి గంట కొట్టిందంటే లేచొచ్చేస్తా, అప్పటిదాకా నన్ను కదిలించొద్దు" అని ఒప్పందం చేసుకున్నాం. మొదట్లో ఊరికే వచ్చి గుంజేది. తర్వాత్తర్వాత పక్కన కుర్చీలో బొమ్మలేసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి, నా వైపు కాదు, టమాటా వైపు చూసి, "ఇంకా చానా ఉందిలే" అని తనలో తనే అనుకుని మళ్ళీ రంగులేసుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో నా మాట కంటే దాని మాటకే విలువ. "ఏందమ్మా, బిడ్డని గంట కొట్టి పెంచతుండావు" అని అత్తమ్మ దెప్పింది కానీ, కొన్నాళ్ళకి గుడ్లు ఉడకేసుకోవడానికి ఆమే పట్టుకెళ్ళడం మొదలెట్టింది. రాత్రి రాసుకుందామని కూర్చుంటే టైమర్ పొయ్యి గట్టు మీద దొరుకుతుంది.

అసలు నేను అనుకోనిది రెండో ఏడు జరిగింది. ఓ ఆదివారం పాప టమాటాని తనే తిప్పి తెచ్చి నా ఎదురుగా పెట్టింది. "ఇప్పుడు నా ఇరవై అయిదు. ఫోన్ ముట్టుకోకూడదు." టీచరాట. బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి అటెండెన్స్ తీసుకుంటోంది, నేను వెనక బెంచీ. పక్కగదిలో ఫోన్ మోగింది. నేను లేవబోతే మాట్లాడకుండా టమాటా వైపు వేలు చూపించింది. ఇంకా పన్నెండు దగ్గరుంది. కూర్చున్నా. నిజం చెప్పాలంటే రివ్యూయర్ కామెంట్లకి జవాబులు రాసే 25 నిమిషాల కంటే ఆ 25 నిమిషాలు చాలా పెద్దవిగా అనిపించాయి. గంట కొట్టాక తిరిగి ఫోన్ చేస్తే, "ఏం లేదు మేడం, రేపు మాట్లాడదాంలే" అన్నారు అవతల. అప్పట్నుంచి మా ఇంట్లో రెండు రకాల గంటలు, అమ్మ గంట, పాప గంట. ఈ రెండో వాడకం కోసమైతే ఎంత పెట్టి కొన్నా నష్టం లేదనిపించింది.

ఇక పాడైన కథ. 2024 డిసెంబరు వానల్లో నా రిసెర్చి పేపర్ రివిజన్‌కి వచ్చింది. ఇందుకూరుపేట వైపు వనామి రొయ్యల చెరువుల్లో ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి మీద రాసింది. రొయ్య చావదు, ఎదగదు, మేత మాత్రం తింటూనే ఉంటుంది, రైతుకి తెలిసేసరికి ఖర్చంతా అయిపోయి ఉంటుంది, అలాంటి జబ్బు. టేబుల్ ఒకటి సరిచేయాలి, పదిలో పెట్టి కూర్చున్నా. టమాటా సున్నాకొచ్చి ఆగిపోయింది, గంట మాత్రం కొట్టలేదు. నేను రాస్తూనే ఉన్నా. పాప సున్నాని చూస్తూ కూర్చునే ఉంది, ఒప్పందం గంటకి కదా. నేను తలెత్తేసరికి చాలాసేపు అయిపోయింది. ఏడవలేదు, అలగలేదు, టైమర్ని చేతిలోకి తీసుకుని "ఇది అబద్ధం చెప్పింది" అంది. ఆ తర్వాత కొన్ని వారాలు దాన్ని నమ్మలేదు, మళ్ళీ వచ్చి గుంజడమే.

ట్రంకు రోడ్డు పక్క సందులో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళా. వెనక మూత తీసి చూసి నవ్వాడు. "నడిచేదానికీ గంటకీ కలిపి దీంట్లో ఉండేది ఒక్కటే స్ప్రింగమ్మా. పది దగ్గరే ఆపి వదిలేస్తే అది చుట్టుకునేదెంత? ముందు అరవై దాకా తిప్పి, అక్కణ్ణించి వెనక్కి తెచ్చి పదిలో పెట్టు." అంతే, డబ్బులు కూడా తీసుకోలేదు. 25 పెట్టినప్పుడు రాని తంటా పదికే ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. అలా తిప్పితే ఇప్పటికీ మోగుతోంది, కాకపోతే గొంతు కొంచెం బొంగురు పోయింది.

కొన్న కొత్తలో స్టాఫ్ రూములో దీన్ని తెగ పొగిడి, ఇద్దరు ముగ్గురి చేత కొనిపించా కూడా. ఇప్పుడడిగితే అంత గట్టిగా చెప్పను. రిఫరెన్సులు సరిచూడటం, టేబుళ్ళు, రికార్డులు దిద్దడం, ఇలాంటి వాటికి 25 నిమిషాలు బ్రహ్మాండం. ఆలోచించి రాయాల్సిన చోట మాత్రం సరిగ్గా వాక్యం కుదురుతున్నప్పుడే గంట కొడుతుంది. ఆ పేపర్లో డిస్కషన్ భాగం చాలావరకు రాసింది బిట్రగుంటలో రైలు ఆగిపోయినప్పుడు, టైమర్ ఇంట్లో ఉండగా. మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకుంటే ఆ టిక్కుటిక్కుకి నిద్ర పట్టదు, తువ్వాలు చుట్టి పెట్టాలి, చుడితే పాపకి కనబడదు, ఇక దేనికి. స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో అయితే అసలది ఎక్కడుందో కూడా గుర్తుండదు.

ఏటా డిసెంబరు చివర డైరీ ఆఖరి పేజీలో ఆ ఏడు చేసినవి రాసుకోవడం నాకలవాటు. చిన్నవే ఉంటాయి. 2025 పేజీలో: రొయ్యల పేపర్ యాక్సెప్ట్ అయింది (ఈలోపు ఫిబ్రవరిలో యూజీసీ తను ఒప్పుకునే పరిశోధన పత్రికల జాబితానే, కేర్ అంటారు, ఎత్తేసింది, ఆ జాబితాలో పత్రిక ఉందా లేదా అని నేను పడ్డ టెన్షనంతా దండగ). రిఫ్రెషర్ కోర్సు పూర్తయింది. ప్రాక్టికల్ మాన్యువల్ సగం. పాప సైకిలుకి పక్క చక్రాలు తీసేశాం. కోరికకో రొట్టె పట్టే రొట్టెల పండగకి పక్కింటి అక్క స్వర్ణాల చెరువులో నా పేరు మీద ప్రమోషన్ రొట్టె పట్టింది, ఫైలు ఇంకా కదల్లేదు కాబట్టి అది పేజీలో రాయలేదు. వీటిలో టమాటా పుణ్యం ఎంత అంటే మాన్యువల్‌లో అయినంతా దానిదే, పేపర్లో ఓ సగం. కోర్సు ఆన్‌లైన్, దాని టైము దానిదే.

ఆ పేజీలో ఇంకోటి కూడా ఉంది, పాపకి గడియారం చూడటం వచ్చేసింది. అంటే నేను ఇంతసేపూ పొగిడిన గుణం మా ఇంట్లో ఇక పెద్దగా అక్కర్లేదు. మీ పిల్లలకి నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపుండి, రాసుకునే బల్ల పిల్లలు తిరిగే గదిలోనే ఉంటే కొనొచ్చు. తలుపేసుకుని గంటల తరబడి కూర్చోగలిగే వసతి ఉన్నవాళ్ళకి ఇది అడ్డమే. సింగిల్ బెడ్రూమ్ ఇంట్లో నైట్ షిఫ్టు మనిషి ఉంటే అసలొద్దు. కొనేవాళ్ళు కొట్లోనే అరవై దాకా తిప్పి, వెనక్కి తెచ్చి, గంట విని కొనండి. అయస్కాంతం ఉన్నది ఫ్రిజ్‌కి అంటించుకోవచ్చని పదో పాతికో ఎక్కువ చెబుతారు. మా ఇంట్లో ఫ్రిజ్‌కి అంటిస్తే అది నేరుగా గుడ్ల దగ్గరికే పోతుంది కాబట్టి నేను మామూలుదే తీసుకున్నా.