స్పితికి ఏ దారి: సిమ్లా వైపా, మనాలీ వైపా?

హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దున ఉన్న లాహౌల్-స్పితి జిల్లాకు వెళ్లాలనుకునే ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నే ఇది. చేరాల్సింది స్పితిలోని ముఖ్య పట్టణం కాజా, ఎత్తు సుమారు 3,700 మీటర్లు.

దూరం: మనాలీ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. సిమ్లా నుంచి కిన్నౌర్ జిల్లా మీదుగా వెళ్తే అంతకు రెట్టింపు పైనే.

కాలం: మనాలీ దారిలో కుంజుమ్ కనుమ జూన్ నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది. 2020లో అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది కానీ కుంజుమ్ మంచు అలాగే ఉంది. సిమ్లా దారి దాదాపు ఏడాదంతా నడుస్తుంది. కొండచరియలు పడితే మాత్రం ఆగాల్సిందే.

శ్రమ: మనాలీ దారిలో గ్రాంఫూ అనే చోటు దాటాక రాళ్ల మీద ప్రయాణం. మధ్యాహ్నానికి మంచు కరిగి, వాగులు రోడ్డు మీదికి పొంగుతాయి. అందుకే తెల్లారకముందే బయల్దేరాలి.

ఒంటికి: అసలు తేడా ఇక్కడే. మనాలీ నుంచి ఒక్కరోజులో 4,500 మీటర్లు దాటేస్తే తలనొప్పి, వాంతులు మామూలే. సిమ్లా వైపు కల్ప, నాకో, తాబోల్లో ఆగుతూ మెల్లగా ఎక్కుతాం. దారిలో ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలవడం కనిపిస్తుంది. తాబోలో 996లో కట్టిన మట్టిగోడల బౌద్ధారామం ఉంది. లోపల చీకటి, ఫొటోలు తీయనివ్వరు. కళ్లు అలవాటుపడ్డాకే గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఖర్చు: సిమ్లా దారిలో బస ఖర్చు పెరుగుతుంది, రెండు మూడు రాత్రులు ఎక్కువ పడతాయి.

పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే, లేదా చలికాలమైతే సిమ్లా. జూలై తర్వాత, అయిదే రోజుల సెలవుంటే, చంద్రతాల్ సరస్సు చూడాలనుంటే మనాలీ. నన్నడిగితే సిమ్లా వైపు ఎక్కి మనాలీ వైపు దిగండి.