పసుపు పట్టీల కప్పలకు మొక్కల టెర్రేరియం: ఐదేళ్ల వాడకం తర్వాత

డెండ్రోబేటిస్ ల్యూకోమెలాస్ అనే చిన్న కప్పల కోసం మా ఇంట్లో పెట్టిన మొక్కల టెర్రేరియం, అంటే లోపల మట్టి, మొక్కలు ఉండే గాజు తొట్టి గురించి ఈ సమీక్ష. నల్లటి ఒంటి మీద పసుపు పట్టీలు, ఎంత పెరిగినా సాధారణంగా నాలుగు సెంటీమీటర్ల లోపే. వీటి సొంత చోటు వెనిజులా, గయానా, ఉత్తర బ్రెజిల్ అడవులు. మేముండేది డాలస్ దగ్గర. ఇక్కడ వీటిని ఇళ్లలోనే పుట్టించి, పెంచి అమ్మేవాళ్లున్నారు. అలాంటివారి దగ్గరే తీసుకున్నాను. అడవిలో పట్టినవాటిని ఎవరు అమ్మినా కొనకండి. ఈ కప్పలు 1987 నుంచి సైటీస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, దేశాలు దాటాలంటే అనుమతి పత్రాలు ఉండాల్సిందే. 2020లో కట్టిన మా తొట్టి ఇప్పటికీ అదే మట్టితో నడుస్తోంది.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: విషపు కప్పలు కదా, పిల్లలున్న ఇంట్లో ఎలా? వీటి విషం అడవిలో తినే చీమలు, మైట్స్ అనే అతి చిన్న పురుగుల నుంచి ఒంట్లోకి చేరే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలది. పళ్ల ఈగలు తిని ఇంట్లో పెరిగిన కప్పకు ఆ విషం ఉండదు. అయినా వీటిని చేత్తో పట్టుకోకూడదు, అది మన కోసం కాదు, వాటి కోసం. చర్మం చాలా పల్చన. మన చేతికున్న సబ్బు, ఉప్పు వాటికి హాని చేస్తాయి.

తొట్టి 18 అంగుళాల వెడల్పు, అంతే లోతు, 24 అంగుళాల ఎత్తు, తలుపులు ముందువైపు. పైన జాలీ మూత వచ్చింది. దాన్ని అలాగే వదిలితే తేమ నిలవదు. చాలా భాగాన్ని గాజుముక్కతో కప్పి, ముందువైపు సన్నటి పట్టీ మాత్రం గాలికి వదిలాను. తలుపుల మీద ఆవిరి పట్టకుండా ఉండడానికి ఆ పట్టీ చాలు.

నా డబ్బుకు పూర్తి విలువ వచ్చింది మాత్రం అడుగు పొరల్లోనే. ఫొటోల్లో కనిపించని భాగం అదే, తొట్టి బతికేదీ దాని మీదే. అన్నిటికన్నా కింద ఐదు సెంటీమీటర్ల మందాన కాల్చిన మట్టి గుళికలు, వాటిపైన జాలీ గుడ్డ, ఆ పైన మట్టి. మూలలో ఒక సన్న పైపు నిలబెట్టి ఉంచాను, అడుగున నీళ్లు పెరిగినప్పుడు దానిలోంచి లాగేస్తాను. మట్టి అంటే మామూలు తోట మట్టి కాదు. అట్లాంటా బొటానికల్ గార్డెన్ పేరు మీద ఏబీజీ మిక్స్ అని పిలిచే మిశ్రమం: ఆర్కిడ్లకు వాడే బెరడు ముక్కలు, ట్రీ ఫెర్న్ పీచు, బొగ్గు, పీట్ (చిత్తడి నేలల్లో మాగిన నాచు పొడి), స్ఫాగ్నమ్ నాచు. రోజూ తడుస్తున్నా ఇది గట్టిపడదు, లోపల గాలి ఆడుతూనే ఉంటుంది. వట్టి కొబ్బరి పొట్టుతో నింపిన ఒక స్నేహితుడి తొట్టి ఏడాదిలో బురదై, వాసన వేసింది. ఖరీదులో కొంచెమే తేడా, ఇక్కడ పొదుపు చేయొద్దు.

మట్టి మీద ఎండుటాకులు దట్టంగా పరచాలి. కప్పలు దాక్కునేదీ, తిండి వెతుక్కునేదీ వాటి మధ్యే. మా కాకినాడ వీధుల్లో ఊడ్చి పారేసే బాదం ఆకులను ఇక్కడ ప్యాకెట్లలో డాలర్లు పోసి కొనాలి. ఆ ఆకు పెద్దది, కప్పలకు ఇష్టం, కానీ త్వరగా మెత్తబడిపోతుంది. టెక్సస్‌లో ఎక్కడ చూసినా ఉండే లైవ్ ఓక్ ఆకు చిన్నదైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. మందు కొట్టని చెట్టు కింద ఏరుకొచ్చి, ఉడకబెట్టి, రెండూ కలిపి వేస్తున్నాను.

ఈ ఆకుల కింద స్ప్రింగ్‌టెయిల్స్, తెల్లటి చిన్న ఐసోపాడ్స్ అనే పురుగులు బతుకుతాయి. బూజు, కప్పల రెట్ట, కుళ్లిన ఆకు, అన్నీ వాటి తిండే. ఇన్నేళ్లలో మట్టి మార్చే అవసరం రాలేదంటే వాటి వల్లే. అయితే వాటికి టైమ్ ఇవ్వాలి. కప్పల కంటే నెలా రెండు నెలల ముందే పురుగులను వదిలి, తొట్టిని దాని మానాన ఉండనివ్వాలి. మొదట్లో తొట్టిలోని కర్ర మీద తెల్లటి బూజు కమ్ముతుంది. టెన్షన్ పడక్కర్లేదు, పురుగులు పెరిగేకొద్దీ అదే పోతుంది.

మొక్కల్లో మనీప్లాంట్ అన్నిటినీ మింగేస్తుంది, నెలనెలా కత్తిరించాలి. గోడకు పాకే ఫైకస్ కూడా అంతే. నాకు బాగా నచ్చినవి నియోరెజీలియా బ్రోమీలియాడ్లు. ఆకుల మధ్య గిన్నెలో నీళ్లు నిలుస్తాయి, కప్పలు వాటిలో కూర్చుంటాయి. వాటిని మట్టిలో నాటితే కుళ్లుతాయి, బెరడుకు కట్టాలి. నర్సరీ మొక్కలకు పురుగుమందు ఉండొచ్చు, కడిగి కొన్ని వారాలు విడిగా పెంచాకే లోపల పెట్టండి.

నీళ్లు చల్లడానికి టైమర్ ఉన్న పంపు ఉంది. ఆర్‌ఓ నీళ్లే వాడతాను, మా పంపు నీళ్లతో గాజు మీద తెల్లటి సున్నపు మచ్చలు పడతాయి. పొగమంచు మెషిన్, లోపల జలపాతం మాత్రం అనవసరం. చూడ్డానికి బాగుంటాయి, కప్పలకు ఒరిగేదేమీ లేదు, జలపాతమైతే మట్టిని ఎప్పుడూ ముద్దగా ఉంచుతుంది.

ఉష్ణోగ్రత 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. 29 దాటితే ప్రమాదం. అందుకే టెక్సస్‌లో నా భయమంతా ఎండాకాలంలో ఏసీ ఆగిపోవడం గురించే. చలిని కొంత తట్టుకుంటాయి. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు కరెంటు పోయి ఇల్లంతా చల్లబడినప్పుడు తొట్టికి దుప్పట్లు చుట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు మారుస్తూ రాత్రంతా కూర్చున్నాం. కప్పలు ఆకుల కింద కదలకుండా ఉండిపోయాయి. కరెంటు వచ్చి గది వెచ్చబడ్డాక ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అంత సంతోషం మరెప్పుడూ కలగలేదు.

అసలు భారం తొట్టిది కాదు, తిండిది. ఎగరలేని పళ్ల ఈగలను మనమే పెంచాలి. బంగాళదుంప పొడి, ఈస్ట్, చక్కెర, కొంచెం వెనిగర్ కలిపి కప్పుల్లో వేస్తే మెలనోగాస్టర్ అనే చిన్న రకం ఈగలు రెండు వారాల్లో తయారవుతాయి, పెద్దవైన హైడీ ఈగలకు ఇంకా ఎక్కువ పడుతుంది. వారం వారం కొత్త కప్పు వేయకపోతే ఒకరోజు తిండే ఉండదు. పాత కప్పుల్లో పురుగు పడుతుంది, నెల దాటినవి పారేయాలి. ఈగలకు కాల్షియం, డీ3, ఏ విటమిన్ పొడి అద్ది వేయాలి. మూత తీసిన పొడి డబ్బాను ఆరు నెలలకు మార్చేస్తాను. వంటింట్లో అప్పుడప్పుడు ఈగలు కనిపిస్తాయి, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే ఇందులోకి దిగండి.

మగ కప్ప కూత పిట్ట కూతలా సాగుతుంది, పొద్దున పూట హాల్లోకి బాగానే వినబడుతుంది. మాకది ఇష్టం. కొబ్బరి చిప్ప బోర్లించి, కింద చిన్న గాజు పళ్లెం పెడితే దానిలోనే గుడ్లు పెడతాయి. తోకకప్పలను విడివిడి కప్పుల్లో పెంచుతాం, కాళ్లొచ్చి నేలకెక్కడానికి రెండు మూడు నెలలు.

కొత్త కప్పను నేరుగా తొట్టిలో కలపకండి. ఉభయచరాలను తుడిచిపెడుతున్న కైట్రిడ్ శిలీంధ్రాన్ని శాస్త్రవేత్తలు 1999లో వర్ణించింది వాషింగ్టన్ జూలో చనిపోయిన ఒక నీలి డార్ట్ కప్ప (మా కప్పల కుటుంబానిదే) నుంచి వేరుచేసే. స్వాబ్ తీసి ల్యాబుకు పంపితే తెలిసిపోతుంది, ఆ ఫలితం వచ్చేదాకా కొత్తదాన్ని విడిగానే ఉంచుతాను.

ఇండియాలో ఉన్నవాళ్లు ఒక విషయం చూసుకోవాలి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం సైటీస్ జాబితాలోని జీవులను పెంచుకునేవారు రిజిస్టర్ చేయించాలి. పత్రాలు లేకుండా అమ్ముతుంటే తీసుకోవద్దు. కప్పలు లేకుండా ఇదే తొట్టిని మొక్కలకు, నాచుకు పెట్టుకున్నా చాలా బాగుంటుంది.

తొట్టి, లైటు, పంపు, మట్టి, మొక్కలు, కప్పలు కలిపి మాకు ఏడు వందల డాలర్ల దాకా అయింది. ఆ తర్వాత నెల ఖర్చు చాలా తక్కువ. ఇవి పదేళ్లకు పైగా బతికే జీవాలు, ఊరెళ్లేటప్పుడు ఈగలు వేసే మనిషి కావాలి. మొదలుపెట్టేవాళ్లు ముందు రెండు నెలలు ఈగల కప్పులు మాత్రమే నడిపి చూడండి. అది ఆగకుండా సాగితే తొట్టి కట్టండి, ఆ తొట్టి కుదురుకున్నాక కప్పలు తెచ్చుకోండి.