తూటికూరలో సీసం, కాడ్మియం చూసిపెట్టే ల్యాబ్: మా అనుభవం

మా అత్తగారికి తూటికూర పప్పంటే ప్రాణం. ఉప్పల్‌లో మేం కొనే కట్టలు మూసీ ఒడ్డు మళ్ళలోంచి వస్తాయని అమ్మే ఆవిడే చెప్పింది. మూసీలో ఊరి మురుగుతో పాటు ఫ్యాక్టరీల నీళ్ళూ కలుస్తాయి. సీసం, కాడ్మియం అనే విషలోహాలు బురదలో చేరితే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. ఉప్పునీళ్ళలో కడిగితే ఆకు మీది మట్టి పోతుందే గానీ, వేళ్ళ గుండా లోపలికెక్కింది పోదు. సీసం పసిపిల్లల మెదడుకు చేటు, మా పాపా ఆ పప్పే తింటుంది. అందుకే పరీక్ష చేయించాం.

సాంపిల్ తీసుకునే అమ్మాయి పని నాకు బాగా నచ్చింది. "ఆకు ఒక్కటే చాలదండీ, మడిలో నీళ్ళు, బురద కూడా తెండి" అంది. నీళ్ళ సీసాలో ముందే కాస్త నైట్రిక్ యాసిడ్ వేసి ఇచ్చింది. లేకపోతే లోహం సీసా గోడకు పట్టి లెక్క తక్కువ చూపిస్తుందట. వేళ్ళు, కాడలు, ఆకులు వేర్వేరు కవర్లలో పెట్టించింది. ఇంత శ్రద్ధ నేను వేరే ల్యాబుల్లో చూడలేదు.

రిపోర్టు దగ్గరే చిక్కొచ్చింది. కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని రాశారు గానీ, పచ్చి ఆకు బరువుకా, ఎండబెట్టిన ఆకు బరువుకా అన్నది లేదు. తూటికూరలో పదింట తొమ్మిది వంతులు నీరే. ఎండు బరువు మీద 2 అని వస్తే, పచ్చి ఆకులో అది దాదాపు 0.2 అన్నమాట. ఆకుకూరల్లో కాడ్మియానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, అదీ పచ్చి బరువు మీద. ఇది తెలియని ఇల్లాలు ఆ కాగితం చూసి హడలిపోతుంది, లేదా అనవసరంగా ధీమాగా ఉంటుంది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేరుగా వెళితే మాత్రం టెక్నీషియన్ కూర్చోబెట్టి ఓపిగ్గా లెక్క చెప్పి, "ఎండు బరువు" అని రాసి కొత్త రిపోర్టు ఇచ్చారు.

వేళ్ళలో లోహం ఎక్కువ, ఆకులో తక్కువ. పచ్చి బరువుకు మార్చి చూస్తే ఆకులో కాడ్మియం హద్దు లోపే ఉంది, సీసం మాత్రం దాని హద్దు దాటింది. ఆ మడి కూర మానేశాం. పక్క మడి సంగతి ఈ కాగితం చెప్పదు, దాన్ని విడిగా చేయించాల్సిందే.

ఖర్చు ఎక్కువే. ఒకే మడి కూర కొనే నాలుగిళ్ళవాళ్ళు కలిసి చేయించుకుంటే భారం తగ్గుతుంది. డబ్బు కట్టేముందే రిపోర్టులో పచ్చి బరువు లెక్క కూడా వేయమని అడగండి.