నీటి, వాతావరణ పరిశోధనలకు యూరాక్సెస్: రెండేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

పర్యావరణం, జలవనరులు, వాతావరణ మార్పు రంగాలలో పీహెచ్‌డీ స్థానం కోసం వెతికేవారికి సీనియర్లు ముందుగా చెప్పే పేర్లలో, పరిశోధన ఖాళీల ప్రకటనలుండే వెబ్‌సైట్ యూరాక్సెస్ ఒకటి. యూరోపియన్ కమిషన్ అండతో 2003లో పరిశోధకుల కోసం ఒక పోర్టల్‌గా మొదలైన ఈ సేవకు 2008లో ఇప్పటి పేరు వచ్చింది. నేడు నలభైకి పైగా దేశాలు ఇందులో పాలుపంచుకొంటున్నాయి. ప్రకటన పెట్టే విశ్వవిద్యాలయం గానీ, దానిని చదివే అభ్యర్థి గానీ ఎలాంటి రుసుమూ చెల్లించనక్కరలేదు. హైడ్రాలజీలో, అంటే జలశాస్త్రంలో, నా మాస్టర్స్ ముగింపుకు వచ్చిన నాటి నుంచి రెండేళ్లపాటు దాదాపు ప్రతి వారం దీనిని వాడాను. ఖాళీలను కనుగొనడానికి ఇంతకంటే విస్తృతమైన సాధనం ఐరోపా వరకు నాకు కనిపించలేదు. అయితే పరిశోధనాంశాన్ని చూసి ముచ్చటపడి దరఖాస్తు రాయడం మొదలుపెట్టేవారికి కాక, ప్రకటనను అడుగునున్న అర్హత నిబంధనల నుంచి పైకి చదివేవారికే ఇది పూర్తిగా ఉపయోగపడుతుంది. ఆ సంగతి నాకు ఒక ఏడాది పోగొట్టుకొన్నాక గాని తెలియలేదు.

మొదట ఎదురయ్యే చిక్కు శాస్త్ర విభాగాల పేర్లది. నీటికి సంబంధించిన స్థానం పర్యావరణ శాస్త్రం కింద ఉండవచ్చు, భూశాస్త్రాల కింద ఉండవచ్చు, ఇంజనీరింగ్ కింద కూడా ఉండవచ్చు; దేని కింద చేర్చాలన్నది ప్రకటన ఇచ్చే సంస్థ ఇష్టం. భూగర్భజలాలలో నైట్రేట్ ఎలా కదులుతుందో మోడలింగ్ చేసే పని ఒక ప్రకటనలో భూశాస్త్రంగా, ఇంచుమించు అలాంటి పనే మరొక ప్రకటనలో సివిల్ ఇంజనీరింగ్‌గా కనిపిస్తుంది. కనుక ఒక్క విభాగాన్నే ఎంచుకొని వడపోయడం కంటే గ్రౌండ్‌వాటర్, డ్రాట్, ఫ్లడ్, ఏరోసాల్ వంటి పదాలతో నేరుగా వెతకడం మేలు. పరిశోధకులను అనుభవాన్ని బట్టి ఆర్1 నుంచి ఆర్4 వరకు నాలుగు మెట్లుగా విభజించారు; పీహెచ్‌డీ ఇంకా పూర్తికానివారు ఆర్1, పట్టా పొందినా స్వతంత్రంగా పరిశోధన నడిపే స్థాయికి చేరనివారు ఆర్2 కిందికి వస్తారు. వీటన్నిటికంటే నాకు ఎక్కువగా అక్కరకు వచ్చినది నిధుల మూలం. ప్రతి ప్రకటనలోనూ ఆ స్థానానికి ఐరోపా పరిశోధనా కార్యక్రమం డబ్బు ఇస్తున్నదా, ఇస్తుంటే ఏ పథకం కింద ఇస్తున్నది అన్న వివరం ఉంటుంది. మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పేరిట నడిచే డాక్టోరల్ నెట్‌వర్క్‌ల స్థానాలను దీనితోనే ఏరుకోవచ్చు.

ఈ నెట్‌వర్క్‌ల గురించి కొంత విపులంగా చెప్పాలి, ఎందుకంటే మన రంగాలలో పీహెచ్‌డీ చేయదలచినవారికి అందుబాటులో ఉన్న అవకాశాలలో ఇవి చాలా మంచివని నా నమ్మకం. వేర్వేరు దేశాల విశ్వవిద్యాలయాలు, పరిశోధనా సంస్థలు, ఒక్కోసారి నీటి సరఫరా సంస్థలు, వాతావరణ కేంద్రాలు కలిసి ఒకే పెద్ద ప్రశ్న మీద పనిచేస్తాయి. ఆ ప్రశ్నను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో పీహెచ్‌డీ విద్యార్థికి అప్పగిస్తాయి. ఒకరు కరవు సూచికల మీద పనిచేస్తుంటే మరొకరు నేల తేమ మీద, ఇంకొకరు రైతుల నిర్ణయాల మీద పనిచేస్తారు. అందరూ ఏటా ఒకటి రెండుసార్లు శిక్షణ శిబిరాలలో కలుసుకొంటారు. జాతీయత అడ్డురాదు, వయోపరిమితి లేదు. విద్యార్థిని ఉద్యోగిగా నియమించడం ఈ పథకంలోని గొప్ప సుగుణం. ఒప్పందం మీద సంతకం చేసిన నాటి నుంచి సామాజిక భద్రత, ఆరోగ్య బీమా, ప్రసూతి సెలవు వంటి హక్కులు వస్తాయి. స్టైపెండ్ మీద నెట్టుకొచ్చే పరిశోధక విద్యార్థులను దగ్గరగా చూసినవారికి ఈ తేడా విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక నేను దెబ్బతిన్న నిబంధన గురించి. నియామక తేదీకి ముందరి 36 నెలలలో, ఆ స్థానం ఉన్న దేశంలో మొత్తం 12 నెలలకు మించి నివసించినా, చదివినా, ఉద్యోగం చేసినా అభ్యర్థి అనర్హుడు. పరిశోధకులు దేశం మారాలన్నది పథకం ఆశయం కనుక ఈ నియమం పెట్టారు. సెలవులకు వెళ్లిన కొద్దిరోజులు ఇందులో లెక్కకు రావు. నేను మాస్టర్స్ చదివిన దేశంలోనే, వరదల ముందస్తు అంచనా మీద, నా థీసిస్‌కు కొనసాగింపుగా ఉన్న ఒక స్థానం కనిపించింది. మూడు వారాలు కూర్చొని ప్రతిపాదన రాశాను. రెండు ఇంటర్వ్యూలు పూర్తయ్యాక గాని ఆ విశ్వవిద్యాలయం వారు నా నివాస కాలాన్ని లెక్కవేయలేదు. వేశాక మర్యాదగానే క్షమాపణ చెప్పి పంపేశారు. వారు ముందే చూడవలసింది, అది నిజమే. కానీ ఆ వాక్యం ప్రకటన అడుగున స్పష్టంగానే ఉంది, నేనే అంత దూరం చదవలేదు. అదే నెట్‌వర్క్‌లో పొరుగు దేశాలలో ఉన్న స్థానాలకు నేను పూర్తిగా అర్హుణ్ణి. వాటి గడువు అప్పటికే దాటిపోయింది. ఇప్పటికే విదేశంలో మాస్టర్స్ చేస్తున్నవారు ఈ ఒక్క విషయం మరువకండి: మీరున్న దేశాన్ని పక్కనపెట్టి, అదే నెట్‌వర్క్‌లోని తక్కిన దేశాల స్థానాలను ముందు చూడండి.

జీతం దగ్గర కూడా జాగ్రత్తగా చదవాలి. 2021 నుంచి 2024 వరకు వెలువడిన పిలుపుల (అంటే ప్రతిపాదనలు కోరే ప్రకటనల) కింద ఏర్పడిన నెట్‌వర్క్‌లకు జీవన భత్యం నెలకు 3,400 యూరోలు, దేశం మారినందుకు ఇచ్చే భత్యం 600 యూరోలు, కుటుంబం ఉన్నవారికి మరో 660 యూరోలు నిర్ణయించారు. తర్వాతి పిలుపులో జీవన భత్యాన్ని పెంచారు. ఈ అంకెను చూసి అంత మొత్తం చేతికి వస్తుందనుకొంటే నిరాశే మిగులుతుంది. జీవన భత్యాన్ని ముందుగా ఆయా దేశాల జీవన వ్యయాన్ని బట్టి ఒక గుణకంతో సవరిస్తారు. ఆపైన యజమాని చెల్లించవలసిన సామాజిక భద్రత వాటాను సైతం అందులోంచే తీస్తారు. మిగిలినదాని మీద ఉద్యోగి వాటా, ఆదాయపు పన్ను పడతాయి. కొన్ని ప్రకటనలు చేతికి వచ్చే మొత్తాన్ని సుమారుగా చెబుతాయి, చాలావాటిలో కోతలకు ముందరి అంకె మాత్రమే ఉంటుంది. దీనిని పథకం దోషమని అనను. ప్రకటన రాసేవారు ఇంకొక్క వాక్యం రాస్తే తీరిపోయే లోటు ఇది.

నాకు అసలైన అసంతృప్తి కాలపరిమితి విషయంలో ఉంది. సాధారణంగా ఒక్కో విద్యార్థికి 36 నెలల నిధులే ఉంటాయి. ప్రయోగశాలలోనో, కంప్యూటర్ ముందో సాగే పనికి అది సరిపోవచ్చు. వాగు ఒడ్డున పరికరాలు పెట్టి ప్రవాహాన్ని, అవక్షేపాన్ని కొలిచేవారికి వాన కాలమే పంచాంగం. చేరిన మొదటి ఏడాది అనుమతులకు, పరికరాల అమరికకు పోతుంది; మిగిలేవి రెండు వాన కాలాలు. వాటిలో ఒకటి వర్షాభావంతో గడిచిపోతే వరదల మీద రాయవలసిన అధ్యాయానికి వరదే దొరకదు. దీనికి తోడు మొత్తం కాలంలో మూడో వంతు వరకు ఇతర భాగస్వామి సంస్థలలో గడిపే వీలుంది. అది ఎంతో నేర్పుతుంది, నిజమే, కానీ క్షేత్రంలో ఉండవలసిన నెలలలో వచ్చిపడితే కొలతల వరుస తెగిపోతుంది. నెదర్లాండ్స్ వంటి దేశాలలో పీహెచ్‌డీకి నాలుగేళ్లు పట్టడం మామూలు. నాలుగో ఏడాది జీతం ఎవరిస్తారన్నది కొన్ని ప్రకటనలలో రాసి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. క్షేత్ర పరిశోధనను తలపెట్టినవారు ఈ సంగతి అడగకుండా ఒప్పుకోవద్దు.

మిగిలిన విషయాలలో పెద్దగా చిక్కులు లేవు. గడువు ఏ దేశపు సమయం ప్రకారమో ప్రకటనలోనే ఉంటుంది, కాబట్టి మీ గడియారంతో సరిచూసుకోండి. దరఖాస్తును చాలాసార్లు ఆతిథ్య సంస్థ (స్థానం ఇచ్చే సంస్థ) సొంత పద్ధతిలోనే పంపాలి కనుక ఒక్కోచోట ఒక్కో ఫారం నింపక తప్పదు. వీసా, బీమా, ఇల్లు వెతుక్కోవడం వంటివాటిలో సాయపడే యూరాక్సెస్ కేంద్రాలు ఆయా దేశాలలో ఉన్నాయి; వాటి సేవ కూడా ఉచితమే. పీహెచ్‌డీ అయినవారికి మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లు వేరే ఉన్నాయి. అందులో అభ్యర్థే ఒక ఆతిథ్య సంస్థను ఒప్పించి, వారితో కలిసి ప్రతిపాదన రాయాలి. పట్టా వచ్చి ఎనిమిదేళ్లకు మించి పరిశోధనానుభవం ఉండకూడదు.

రెండో ఏడాది నేను ప్రకటనలు చదివే వరుసను మార్చుకొన్నాను: మొదట నివాస నియమం, తర్వాత ఒప్పంద కాలం, ఆ తర్వాత గైడ్ ఇటీవలి పరిశోధనా పత్రాలు, చివరగా పరిశోధనాంశం. ఆ వడపోతలో నిలిచినవి ఏడు స్థానాలే. ప్రతిచోటా ప్రకటనలో ఇచ్చిన చిరునామాకు రెండే ప్రశ్నలు పంపాను: కోతలన్నీ పోయాక చేతికి వచ్చేదెంత, 36 నెలల తర్వాత జీతం ఎవరిస్తారు. నలుగురు జవాబిచ్చారు. వారిలో ఒకరు, నేను అడగకుండానే, తమ క్షేత్రంలో గత మూడేళ్ల ప్రవాహ కొలతలు ఇప్పటికే ఉన్నాయనీ, మొదటి రోజు నుంచే వాటి మీద పని మొదలుపెట్టవచ్చనీ రాశారు. నేను చేరినది అక్కడే.