ఆటిజం పిల్లల ఆట చికిత్సలో నావో రోబో: ఒక సమీక్ష

ఆటిజం ఉన్న పిల్లలతో ఆట చికిత్స చేసే కేంద్రాలలో తరచుగా వినిపించే రోబో పేరు నావో. 2005లో పారిస్‌లో మొదలైన అల్డెబరాన్ సంస్థ దీన్ని రూపొందించింది. ఎత్తు 58 సెంటీమీటర్లే కాబట్టి, నేల మీద కూర్చున్న పిల్లవాడికి దాదాపు ముఖాముఖిగా నిలుస్తుంది.

ఒకే పనిని ఎన్నిసార్లయినా, విసుగు లేకుండా, ఒకే తీరులో చేయగలగడం దీని అసలు బలం. మనుషుల ముఖంలో క్షణక్షణం మారే కవళికలు, గొంతులోని హెచ్చుతగ్గులు ఆటిజం ఉన్న కొందరు పిల్లలను తికమక పెడతాయి. నావో ముఖంలో కదిలే భాగమంటూ లేదు. కళ్ల చుట్టూ రంగు దీపాలు వెలుగుతాయి, తల తిరుగుతుంది, చేతులు లేస్తాయి, తల నిమిరితే ఆ స్పర్శను గుర్తిస్తుంది. అందువల్ల చూసి చేయడం, వంతులవారీగా ఆడటం, ఇద్దరూ ఒకే వస్తువు వైపు చూడటం వంటి ఆటలకు ఇది చక్కగా సరిపోతుంది. యూరోపియన్ యూనియన్ నిధులతో సాగిన డ్రీమ్ అనే పరిశోధన ప్రాజెక్టులో రుమేనియా పిల్లల చేత దీనితో సాధన చేయించినవీ ఈ మూడే. అయితే రోబోతో అబ్బిన నేర్పు తోటి పిల్లలతో ఆడేటప్పుడు ఎంతవరకు అక్కరకు వస్తుందో పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కాబట్టి థెరపిస్టు పక్కనే కూర్చుని, రోబో వంతు తరువాత తన వంతు ఆడుతూ, పిల్లవాడి చూపును క్రమంగా తన వైపుకు మళ్లించుకోవాలి. ఆ పని జరగని చోట ఇది ఖరీదైన బొమ్మ మాత్రమే.

తెలుగు పిల్లల విషయంలో పెద్ద లోటు భాష. నావో సొంత గొంతుకు తెలుగు రాదు. కొరెగ్రాఫ్ అనే దాని సాఫ్ట్‌వేర్‌లో, ముందే రికార్డు చేసిన మాటలను కదలికలకు జతచేసి వినిపించవచ్చు. పిల్లవాడు తెలుగులో చెప్పిన జవాబు రోబోకు అర్థం కాదు కనుక, తరువాతి మాటకు మీట నొక్కవలసింది థెరపిస్టే. రికార్డింగుకు తల్లి గొంతు వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. పక్కనే ఉన్న అమ్మ గొంతు రోబోలోంచి కూడా వినిపిస్తే పిల్లవాడు అయోమయపడవచ్చు.

శబ్దాలు భరించలేని పిల్లలను కీళ్లలోని మోటార్లు, లోపలి ఫ్యాను చేసే చప్పుడు బెదరగొట్టవచ్చు. మొదట దూరంగా కూర్చోబెట్టి అలవాటు చేయడం మంచిది. మెత్తటి తివాచీ మీద నడిపిస్తే పడిపోయే ప్రమాదముంది. ఒక ఛార్జింగు గంట, గంటన్నర వరకు వస్తుంది, అది చాలు.

ధర లక్షల రూపాయల్లో ఉంటుంది కనుక, ఇంట్లో వాడకానికి కొనమని తల్లిదండ్రులెవరికీ చెప్పలేను. పైగా 2025లో అల్డెబరాన్ దివాలా తీయగా, దాని ముఖ్యమైన ఆస్తులను చైనాకు చెందిన మ్యాక్స్‌విజన్ సంస్థ కొనుగోలు చేసింది. ఇప్పుడు కొనదలచిన కేంద్రాలు బ్యాటరీలు, మోటార్లు మన దేశంలో ఎవరు మార్చి ఇస్తారో, ఎన్నేళ్ల వరకు ఇస్తారో ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి.