రాతి దుమ్ములో కళ్లకు ఏది మేలు: సేఫ్టీ అద్దాలా, గాగుల్సా, ఫేస్ షీల్డా?

గ్రానైట్ కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు, క్రషర్ దగ్గర పనిచేసేవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. కళ్లకు ఏదో ఒకటి పెట్టుకోవాలని అందరికీ తెలుసు. ఏది పెట్టుకోవాలన్న దగ్గరే తేడాలొస్తున్నాయి.

ముందు కంట్లో పడేదేమిటో విడదీసి చూద్దాం. ఉలి దెబ్బకో, గ్రైండర్ చక్రానికో ఎగిరే పెచ్చు ఒక రకం. అది తిన్నగా, వేగంగా వస్తుంది. గాలిలో తేలే సన్న పొడి రెండో రకం. దానికి దిక్కంటూ లేదు, సందు దొరికితే చాలు. గ్రానైట్‌లో, ఇసుకరాయిలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం మోస్ కొలతలో పదికి 7. అలాంటి నలుసు రెప్ప కింద ఉండగా కన్ను నలిపితే నల్లగుడ్డు మీది పొర గీసుకుపోతుంది. ఆ గీతలోంచి సూక్ష్మక్రిములో, ఫంగసో చేరితే పుండు పడుతుంది. పుండు మానినా మచ్చ మిగిలి చూపు తగ్గవచ్చు. పాలరాయి అంత గట్టిది కాదు గానీ, దాని పొడి కూడా కన్ను మండించక మానదు.

పక్కలకు కూడా కాపు ఉన్న పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) సేఫ్టీ అద్దాలు తేలిక, ఆవిరి తక్కువ పడుతుంది, పెచ్చులను ఆపుతాయి. కానీ కనుబొమల దగ్గర, బుగ్గల దగ్గర సందు తప్పదు. కొలతలు తీసుకునేవారికి, దుమ్ముకు దూరంగా లోడింగ్ చూసేవారికి ఇవి చాలు. నీళ్లు పెట్టకుండా కోసే చోట చాలవు.

ఫేస్ షీల్డ్ మీద చాలామందికి గట్టి నమ్మకం. నాకు మాత్రం అదొక్కటే పెట్టుకోవడం అన్నిటికన్నా తక్కువ ఇష్టం. పెద్ద పెచ్చు, విరిగిన చక్రం ముక్క ముఖానికి తగలకుండా అది కాస్తుంది, నిజమే. అయితే గడ్డం కింద అంతా ఖాళీయే. గ్రైండర్ గాలికి లేచిన పొడి అక్కణ్నుంచి లోపలికొచ్చి కళ్ల ముందే తిరుగుతుంది. షీల్డ్ ఎప్పుడూ రెండో పొరే, దాని లోపల అద్దాలో గాగుల్సో ఉండాల్సిందే.

ఇక గాగుల్స్. నేరుగా బెజ్జాలున్న రకం పెచ్చులను ఆపుతుంది గానీ పొడిని ఆపదు. కావలసింది బెజ్జాల మీద మూతలుండి, గాలి మెలిక తిరిగి వెళ్లే రకం. మార్కెట్లో ఇంకా కనిపించే ఐరోపా ప్రమాణం ఈఎన్ 166 ప్రకారం ఫ్రేమ్ మీద 4 అని ఉంటే ముతక దుమ్ముకు, 5 అని ఉంటే సన్న దుమ్ముకు పనికొస్తుంది. అమెరికా ప్రమాణంలో వీటికి డి4, డి5 అని గుర్తులు. దెబ్బ తట్టుకోవడంలోనూ అద్దాల కన్నా గాగుల్స్‌దే పైచేయి. ఈఎన్ 166 పరీక్షలో చిన్న ఉక్కు గుండుతో కొట్టి చూస్తారు: అద్దాలకు గరిష్ఠంగా సెకనుకు 45 మీటర్ల వేగం, గాగుల్స్‌కు 120 మీటర్లు.

ఇంత ఉండీ గాగుల్స్ నుదుటి మీదికెందుకు పోతాయి? ఆవిరి వల్ల. నా దృష్టిలో అసలు విషయం ఇదే. రాతి పొడిలో ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా ఉంటుంది కాబట్టి మాస్కు కూడా తప్పదు. మాస్కు ముక్కు దగ్గర సరిగా అతక్కపోతే వదిలిన ఊపిరి పైకి పోయి గాగుల్స్‌ను మసకబారుస్తుంది. తిరిగే బ్లేడు ముందు మసక చూపుతో ఎవరూ నిలబడరు, తీసేస్తారు. తీసేశాక దాని మీద ఏ మార్కు ఉంటే ఏం లాభం?

అందుకే గాగుల్స్‌ను విడిగా కొనవద్దు. మాస్కుతో కలిపి పెట్టి చూసుకుని కొనండి. ముందు మాస్కు, ముక్కు మీద బాగా అదమాలి. తర్వాత గాగుల్స్. దాని కింది అంచు మాస్కును కదిలిస్తే ఆ జత పనికిరాదు. ఊపిరిని కిందికి వదిలే వాల్వు ఉన్న మాస్కుతో ఇబ్బంది బాగా తగ్గుతుంది. గాజు మీద ఎన్ అనే గుర్తుంటే ఆవిరి పట్టని పూత ఉన్నట్టు. ఆ పూతను చాలామంది చొక్కా అంచుతో తుడిచి తుడిచి పాడుచేస్తారు. ముందు నీళ్లతో పొడి కడిగి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ వాడాలి. తీసేటప్పుడు కళ్లు మూసుకుని, తల ముందుకు వంచి, కనుబొమల మీది పొడి దులిపాకే తీయండి. లేకపోతే పొద్దుట్నుంచీ బయట ఆపిన దుమ్మంతా ఆ ఒక్క క్షణంలో కంట్లో పడుతుంది.

నీళ్లు పెట్టి కోస్తే ఇవేవీ అక్కర్లేదు కదా అంటారు కొందరు. గాలిలో దుమ్ము బాగా తగ్గుతుంది, యజమాని ముందు ఖర్చు పెట్టాల్సింది కూడా అక్కడే. కానీ రాతి బురద చిమ్ముతుంది, ఆరితే మళ్లీ పొడే. గాగుల్స్ ఉండాల్సిందే.

తలంతా కప్పి, బ్యాటరీతో గాలి పంపే హుడ్ కళ్లనూ ఊపిరినీ ఒకేసారి కాస్తుంది, ఆవిరి బెడద తక్కువ. ఖర్చెక్కువ. గాజు బదులు జల్లెడ ఉండే గాగుల్స్ దుమ్ముకు దండగ. పవర్ కళ్లద్దాలు సేఫ్టీ అద్దాలు కావు, వాటి మీద పట్టే పెద్ద గాగుల్స్ తీసుకోండి. కాంటాక్ట్ లెన్సులు ఈ పనికి వద్దు.

ఉలి పనివాళ్లకు ఒక మాట. ఉలి తల విచ్చుకుపోయి ఉంటే సుత్తి దెబ్బకు ఎగిరేది ఉక్కు ముక్క. అది కంటిని చీల్చుకుని లోపలికి పోయినా ఒక్కోసారి పెద్దగా నొప్పి ఉండదు, చూపూ బాగానే ఉంటుంది. దెబ్బ కొడుతుండగా కంటికి ఏదైనా చురుక్కున తగిలితే నలపవద్దు, తోటివాళ్లతో తీయించుకోవద్దు. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించుకోండి, సుత్తితో కొడుతుండగా తగిలిందని కూడా చెప్పండి.