అడాస్‌కు అదనంగా పెట్టొచ్చా? కడప రోడ్ల మీద రెండేళ్ళు నడిపాక

"టాప్ వేరియంట్‌లో అడాస్ వస్తుందంట నా, దానికి ఇంకో రెండు లక్షలు పెట్టొచ్చా?" కొత్త కారు కొనబోయేవాళ్ళు మైలేజీ సంగతి పక్కనబెట్టి ఈమధ్య ఇదే అడుగుతున్నారు. అడాస్ అంటే కెమెరా, రాడార్లతో రోడ్డు చూస్తూ, హెచ్చరించి, అవసరమైతే తానే బ్రేకు వేసి డ్రైవరుకు సాయపడే ఏర్పాటు. నా కారులో అది ఉంది, వాడబట్టి రెండేళ్ళు దాటింది. కారు పేరు రాయడం లేదు. తెలిసినవాళ్ళ దగ్గర వేరే కంపెనీల కార్లు కూడా నడిపి చూశాను; ఈ ధరల్లో దొరికేవాటిలో ఇది కొంచెం అటూ ఇటూగా ఒకేలా పనిచేస్తుంది.

నేను ఏ రోడ్ల మీద తిరుగుతానో ముందు చెప్పాలి, జవాబంతా అక్కడే ఉంది. కడపలో మందుల హోల్‌సేల్ నాది. సరుకు పనిమీద మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు చేరి, అక్కడ 44వ నంబరు హైవే ఎక్కి హైదరాబాదు పోతుంటాను. పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది కాబట్టి గువ్వలచెరువు ఘాటు దాటి రాయచోటి, మదనపల్లె మీదుగా అటు కూడా తప్పదు. మిగతా రోజులు ఊళ్ళోనే. ఏడురోడ్ల కూడలి, కోటిరెడ్డి సర్కిల్, అప్పుడప్పుడు ఎర్రగుంట్ల.

షోరూంలో టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్ళిన కుర్రాడు బైపాస్ మీద స్టీరింగ్ వదిలేసి "చూడండి సార్, అదే నడుపుకుంటుంది" అన్నాడు. కొన్ని సెకన్లకే కారు గీ మని అరిచి చేతులు పెట్టమంది. ఆ అరుపు నిజం, కుర్రాడి మాట అమ్మకం. ఆటోమేషన్‌కు సున్నా నుంచి అయిదు దాకా స్థాయిలు పెట్టింది ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ. మన దగ్గర ఈ ధరల్లో అమ్మేదంతా ఒకటో స్థాయి, లేదంటే రెండో స్థాయి. రెండో స్థాయిలో కారు బ్రేకు, యాక్సిలరేటరు, స్టీరింగు కొంతవరకు చూసుకుంటుంది. రోడ్డు చూడాల్సింది మాత్రం మనమే, ఏదన్నా జరిగితే పూచీ కూడా మనదే. డ్రైవరు కళ్ళు తిప్పుకోడానికి వీలిచ్చే మూడో స్థాయికి మెర్సిడెస్ అనుమతి తెచ్చుకున్నది జర్మనీలోను, అమెరికాలో రెండు రాష్ట్రాల్లోను, అదీ ఎంపిక చేసిన హైవేల మీద. 2025 జులైలో ముంబైలో షోరూం తెరిచినప్పుడు టెస్లా 'ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్'కు విడిగా 6 లక్షలు ధర పెట్టింది. డబ్బు అప్పుడే కట్టాలి, అది నడిపేది తర్వాతెప్పుడో అన్నట్టుండింది. కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ అయితే డ్రైవర్ల బతుకుతెరువు పోతుందని, డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనని 2023లోనే చెప్పేశారు. కాబట్టి "రేపు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో నీ కారే నడుపుకుంటుంది" అని ఎవరన్నా అంటే ఒక నవ్వు నవ్వి, ఇవాళ ఏం చేస్తుందో చూపించమనండి.

ఇవాళ చేసేదానికి కావాల్సిన సామాను పెద్దదేం కాదు. లోపలి అద్దం వెనక అంటుకుని ఒక కెమెరా, ముందు గ్రిల్లులోనో బంపరులోనో ఒక రాడార్, వెనక బంపరు రెండు మూలల్లో చిన్న రాడార్లు. కొన్ని చవక రకాల్లో రాడార్ లేకుండా కెమెరా ఒక్కటే ఉంటుంది. కొనేముందు ఇది అడగాలి, బ్రోషర్‌లో రెండిటికీ అదే పేరు పెట్టి రాస్తారు. 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700లతో ఇది మధ్యతరగతి చేతికి అందేంత దగ్గరికి వచ్చింది. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారయ్యే సెల్టోస్‌లోకి 2023లో వచ్చింది.

నాకు డబ్బు గిట్టిందనిపించింది అడాప్టివ్ క్రూయిజ్‌లో. వేగం 90 అని పెట్టుకుంటే ముందు బండి నెమ్మదించగానే మనమూ నెమ్మదిస్తాం, అది పోగానే మళ్ళీ 90. నాలుగు లేన్ల రోడ్డు మీద కర్నూలు దాటాక ఇది హాయిగా ఉంటుంది. కడప నుంచి హైదరాబాదు 400 కిలోమీటర్ల పైమాటే. ఇదివరకు చేరేసరికి కుడికాలు పిక్క పట్టేసేది, ఆ రోజు ఇంకో పని పెట్టుకునే ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు దిగిన వెంటనే డీలర్ల దగ్గరికి పోగలుగుతున్నాను. టోల్‌గేటు దగ్గర వరసలో ముందు బండి వెనకే ఆగి, కదిలితే కదులుతుంది. ఇది ఆటోమేటిక్ గేరులోనే. మాన్యువల్ గేరులో అడాస్ ఉన్నా ఈ ఆగి కదలడం ఉండదు. అంటే ఆటోమేటిక్ కోసం పెట్టే లక్షో లక్షన్నరో కూడా లెక్కలో కలుపుకోవాలి, ఈ ముక్క షోరూంలో ఎవరూ ముందుగా చెప్పరు.

దీంతో వచ్చే చిరాకులు కారువి కొన్ని, మన రోడ్లవి కొన్ని. ముందు బండికి ఎంత దూరం ఉంచాలో నాలుగు మెట్లలో పెట్టుకోవచ్చు. కంపెనీ చెప్పే భద్రమైన దూరం పెడితే ఆ సందులోకి ముందు ఒక బైకు, ఆ వెనకే ఒక ఆటో, వీలుంటే ఆర్టీసీ బస్సు కూడా దూరుతుంది. దూరిన ప్రతిసారీ మన కారు బ్రేకు వేస్తుంది, వెనకవాడు హారన్ కొడతాడు. లారీలేమో కుడి లేన్ వదలవు. మనిషైతే ఎడమనుంచి దాటేసి పోతాడు, కారు మాత్రం అరవై వేగంలో ఆ లారీ తోక పట్టుకుని పుణ్యయాత్రకు పోయినట్టు పోతుంది. వంపుల్లో ఇంకో పేచీ ఉంది. ముందు బండి మలుపు తిరగ్గానే రాడార్ చూపులోంచి తప్పుకుంటుంది, దారి ఖాళీ అనుకుని కారు వేగం పెంచుతుంది. గువ్వలచెరువు ఘాట్లో ఇది ఎందుకు వాడకూడదో అర్థం కావడానికి ఒక్క మలుపు చాలు. అక్కడ క్రూయిజ్ కట్టేసి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, దారిలో పాలకోవా కొనుక్కుని పోవడమే.

ఇక అందరూ అడిగే ఆటోమేటిక్ బ్రేకు. చాగలమర్రి దాటాక ఒక సాయంత్రం డివైడర్ సందులోంచి టీవీఎస్ బండి మీద ఒకాయన వెనకాముందూ చూడకుండా అడ్డం వచ్చాడు. నా కాలు బ్రేకు మీదికి పోతుండగానే కారు అరిచి బ్రేకు పట్టేసింది. నేను వేసినా ఆగి ఉండేదేమో, చెప్పలేను. కానీ నాకంటే ముందు వేసింది, ఆ తేడా సీటు బెల్టు బిగిసినప్పుడు ఛాతీకి తెలిసింది. వెనక సీట్లో మా నాయన "ఈ కారుకు నీకంటే భయమెక్కువ ఉందే" అన్నాడు. ఆ ఒక్క సాయంత్రం లెక్కేసుకుంటే పెట్టిన డబ్బు గురించి మాట్లాడబుద్ధి కాదు.

అయినా మాట్లాడాలి, ఎందుకంటే మన హైవేల మీద అసలు ప్రమాదం దగ్గరే ఇది బలహీనం. రాత్రిపూట రోడ్డు పక్కన లైటు లేకుండా, సగం లేన్ ఆక్రమించి నిలబెట్టిన లారీని తల్చుకోండి. రాడార్ కదిలే వస్తువును బాగా పడుతుంది. కదలనిదాన్ని పట్టడంలోనే కష్టం. రోడ్డు పక్క బోర్డులు, గార్డు రైళ్ళు, వంతెనలు అన్నీ కదలనివే కాబట్టి, ప్రతిదానికీ బ్రేకు పడకుండా వేగం ఎక్కువున్నప్పుడు అది కదలని ప్రతిఫలనాలను చాలావరకు వదిలేస్తుంది. కెమెరా గుర్తుపడితే సరే, లేదంటే లేదు. ఇది నేను కనిపెట్టిందేం కాదు, కారుతోపాటు ఇచ్చే మాన్యువల్‌లోనే హెచ్చరికగా రాసి ఉంటుంది, చదివేవాళ్ళు తక్కువ. రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీ, గొర్రెల మంద, కల్లం లేక జొన్నలు రోడ్డు మీదే ఆరబోసి చుట్టూ పెట్టే రాళ్ళు, వీటి విషయంలో దీన్ని నమ్ముకోవద్దు. బండ్లను, మనుషులను, సైకిళ్ళను గుర్తుపట్టేలా దీన్ని తయారుచేశారు, ఎనుములు దాని చదువులో లేవు. వేగం మరీ ఎక్కువైతే ఆపలేదు, తగిలే దెబ్బ తగ్గిస్తుంది అంతే. నేను రాత్రి ప్రయాణాలు మునుపు ఎంత తగ్గించుకున్నానో ఇప్పుడూ అంతే.

ఊళ్ళో అయితే ఇదే బ్రేకు తలనొప్పి. ఏడురోడ్ల దగ్గర ఆటో ముక్కు పెట్టిందంటే మనకు తెలుసు, అది పెడుతుంది, మనం కాస్త పక్కకు తిప్పుతాం, ఇద్దరం పోతాం. కారుకు ఈ ఒప్పందం తెలీదు. ఒకసారి గట్టిగా వేసిన బ్రేకుకు వెనక బైకువాడు కొద్దిలో తప్పించుకుని, అద్దం దగ్గరికి వచ్చి నన్ను కడప భాషలోనే దీవించి పోయాడు. అప్పట్నుంచి ఊళ్ళో హెచ్చరిక మాత్రమే వచ్చేలా సెట్టింగు మార్చుకున్నాను.

కారును లేన్ గీతల మధ్యే పట్టి ఉంచే లేన్ కీపింగ్ గురించి రెండు మాటలు చాలు. ఆపేశాను. బైకును తప్పించడానికి, గుంతను తప్పించడానికి మనం ఇండికేటర్ వెయ్యం కదా, అప్పుడు స్టీరింగ్ ఎదురు లాగుతుంది. రాయచోటి వైపు కొన్నిచోట్ల గీతలే ఉండవు, మరమ్మతు చేసినచోట పాత గీతలూ కొత్త గీతలూ రెండూ ఉంటాయి. 44వ నంబరు హైవే మీద మాత్రం బాగా పనిచేస్తుంది, అక్కడ వేసుకుంటే వేసుకోండి.

ఎవరూ గొప్పగా చెప్పుకోనివి, అద్దాల్లో కనపడని పక్క బండ్లను చెప్పే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, రివర్స్‌లో పక్కలనుంచి వచ్చే బండ్లను చెప్పేది. ఊళ్ళో రోజూ పనికొచ్చేవి ఇవే. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర అంగళ్ళ ముందునుంచి వెనక్కి తీసేటప్పుడు నాకు కనపడని స్కూటీని ఇది ముందే చెబుతుంది. మా ఆవిడ కూడా ఈ కారే నడుపుతుంది. మిగతాదంతా పీకేసినా సరే, ఈ రెండూ ఉండాలంటుంది. కొన్ని కార్లలో ఇవి మధ్య వేరియంట్‌లోనే వస్తున్నాయి, కనుక్కోండి.

కొన్నాక అయ్యే ఖర్చు సంగతి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల టిప్పర్ల వెనక పోతుంటే రాయి లేచి ముందు అద్దం పగిలింది. మామూలు కారైతే అద్దం మార్చి సాయంత్రానికి ఇచ్చేస్తారు. దీనికి కెమెరాను మళ్ళీ సరిచూడాలి, ఆ క్యాలిబ్రేషన్ సరంజామా మా ఊరి వర్క్‌షాపులో లేదు, కారు తిరుపతి పంపించారు. భాగాల పాతదనానికి కోత పెట్టని జీరో డెప్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి డబ్బు పెద్దగా పోలేదు, రోజులు పోయాయి. ముందు బంపరుకు చిన్న గుద్దు తగిలినా రాడార్ చూపించుకోవాలి. బంపరు ముందు ఇనప కమ్మీల క్రాష్ గార్డు బిగించుకుందామని మెకానిక్ భాయ్ అన్నాడు. 2017 చివర్లోనే కేంద్రం వాటిని వద్దంది, పైగా రాడార్‌కు అడ్డం. ఆయుధ పూజ నాడైతే గ్రిల్లుకు పెద్ద బంతిపూల దండ వేసి, గంధం, కుంకుమ దట్టంగా పెట్టి, గుమ్మడికాయ కొట్టి బయల్దేరితే డాష్‌బోర్డు మీద "రాడార్ మూసుకుపోయింది" అని వచ్చింది. పూజ చేసిన రోజే భద్రత పనిచెయ్యకపోవడమేంటని మా నాయనకు ఒకటే కోపం. బొట్టు బానెట్ మీద పెట్టి, రాడార్ ఉన్న చోటు వదిలేయండి. మే నెల ఎండలో గంటలకొద్దీ నిలిపిన కారులో కెమెరా వేడెక్కి, చల్లబడేదాకా పనిచెయ్యనంటుంది. సాయంత్రం పడమటికి పోతుంటే ఎండ నేరుగా పడి దానికీ కళ్ళు కనపడవు, మనకూ కనపడవు.

డబ్బు లెక్క విషయానికొస్తే, ఆ రెండు లక్షలు అడాస్ ఒక్కదానికే పోవు. సన్‌రూఫ్, వెంటిలేటెడ్ సీట్లు, పెద్ద స్పీకర్లు అన్నీ కట్టగట్టి టాప్ వేరియంట్‌లో పెడతారు, అడాస్ ఒక్కటే కావాలంటే ఇవ్వరు. ధర పెరిగితే దాని మీద లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కూడా పెరుగుతాయి. అమ్మేటప్పుడు మావైపు బేరగాళ్ళు అడాస్ చూసి రూపాయి ఎక్కువివ్వరు, వాళ్ళు చూసేది డీజిలా పెట్రోలా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అనే. కాబట్టి వరస నా లెక్కలో ఇది: ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ, మంచి టైర్లు, కార్లను గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మంచి రేటింగు. ఇవి తేలాక మిగిలిన డబ్బుతోనే అడాస్ మాట. నెలలో కనీసం ఒకసారన్నా నాలుగు లేన్ల హైవే మీద పొద్దంతా నడిపేవాళ్ళయితే తీసుకోండి, నేను మళ్ళీ కొన్నా తీసుకుంటాను.

మా బావమరిది పొద్దుటూరులో ఉంటాడు. రోజూ పొద్దుటూరు–కడప, ఎప్పుడన్నా పండక్కి పులివెందుల, ఇవే వాడి దారులు. వాడూ అడాస్ అనే కూర్చున్నాడు. నా కారు తాళాలు ఇచ్చి వారం రోజులు నువ్వే నడుపుకోమన్నాను. తాళాలు తిరిగిస్తూ "బావా, ఇది మనకంటే ఎక్కువ అరుస్తుందిబ్బా" అన్నాడు. ఆటోమేటిక్ గేరు, బ్లైండ్ స్పాట్ కెమెరా ఉన్న మధ్య వేరియంట్ బుక్ చేశాడు. మిగిలిన డబ్బులో కొంత డౌన్ పేమెంట్‌లో కలిపాడు, సన్‌రూఫ్ లేదని మా చెల్లెలు అలిగితే వెంటిలేటెడ్ సీట్లు బయట వేయించుకుందామని ఇప్పుడు అంగళ్ళు తిరుగుతున్నాడు. సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి, వాటి మీద బయట కవర్లు బిగించొద్దని చెప్పాను, వినేట్టు లేడు.